కడుపులో బిడ్డకు ఆక్సిజన్ తగ్గితే మెదడులో ఏ భాగానికి దెబ్బ?

చిత్తూరు ఏఎన్ఎం:
ఆశా కార్యకర్తలకు క్లాసు చెప్పాలి. "పుట్టగానే ఏడవలేదు, అందుకే బుర్ర దెబ్బతినింది" అని ఊళ్ళో అంటుంటారు. కాన్పుకు ముందే ఆక్సిజన్ తక్కువైతే ఏమవుతుంది? తల్లికి హిమోగ్లోబిన్ 7 ఉంటే బిడ్డకూ తగ్గినట్టేనా?

తిరుపతి పిల్లల వార్డు:
బిడ్డకూ 7 ఉంటుందని కాదమ్మా. మాయ గుండా తల్లి ఇనుమును బిడ్డ లాక్కుంటుంది, బిడ్డ హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. రక్తహీనతకు బీపీ తోడై మాయ సరిగా పనిచేయకపోతే మాత్రం ఈ సర్దుబాటు చాలదు. అప్పుడు బిడ్డ తన రక్తాన్ని మెదడుకు, గుండెకు మళ్ళిస్తుంది. డాప్లర్‌లో (రక్తం ఎటు, ఎంత పారుతుందో చూపే స్కాన్) అది కనిపిస్తే "మెదడు క్షేమం" అనుకోకండి. బిడ్డ ఇబ్బందిలో ఉందని దానర్థం.

ఎన్నో వారమన్నది చాలా ముఖ్యం. 24–32 వారాల్లో, నరాలకు మైలిన్ తొడుగు వేయాల్సిన కణాలు ఇంకా లేతగా ఉంటాయి, ముందు చచ్చేవి అవే. కాళ్ళకు పోయే నరాల దారి మెదడు లోపల నీరుండే గదుల పక్కనే ఉంటుంది కాబట్టి కాళ్ళు బిగుసుకుంటాయి, చేతులు కొంత నయం. నెలలు నిండాక మాయ ఊడడం, బొడ్డుతాడు జారడం వంటి హఠాత్తు దెబ్బ అయితే మెదడు లోతుల్లో కదలికలను నడిపించే థాలమస్, బేసల్ గాంగ్లియా అనే భాగాలకు తగులుతుంది.

ప్రసూతి విభాగం:
ఒక సవరణ. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్ళూచేతులు సరిగా కదలని స్థితి) ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి కారణం కాన్పులో ఆక్సిజన్ తగ్గడం కాదు. ఏడవకపోవడం ఒక్కటే రుజువు కాదు. 5 నిమిషాల అప్గార్ (ఊపిరి, గుండె వేగం, రంగు, కదలిక చూసి వేసే మార్కులు), బొడ్డుతాడు రక్తం పీహెచ్ (రక్తంలో ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత), మొదటి రోజుల్లో ఫిట్స్, ఎంఆర్ఐ అన్నీ కలిపి చూడాలి. తల్లిని నిందించే మాట క్లాసులో రానివ్వకండి.

ఆశాలకు చెప్పాల్సింది: నాలుగో నెల నుంచి 180 రోజులు, రోజుకొక మాత్ర (ఇనుము 60 మి.గ్రా., ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు). టీతో, కాల్షియం మాత్రతో కలిపి వద్దు. సంగటి తిన్న వెంటనే కూడా వద్దు, రెండు గంటలు ఆగాలి. హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితే ఆసుపత్రికే. ఏడో నెల దాటాక ఎడమ పక్కకు పడుకుని లెక్కపెడితే 2 గంటల్లో 10 కదలికలు రాకపోతే అప్పుడే బయల్దేరాలి. "తెల్లారనీ, చూద్దాం" అనే దగ్గరే బిడ్డలు పోతున్నారు.

చిత్తూరు ఏఎన్ఎం:
ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న బిడ్డను చల్లబరిచే చికిత్స గురించి కూడా అడుగుతారు, ఏం చెప్పాలి?

తిరుపతి పిల్లల వార్డు:
పుట్టిన 6 గంటల్లోపు మొదలుపెట్టి 72 గంటలు ఒంటిని 33–34 డిగ్రీల దగ్గర ఉంచే పద్ధతి అది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో ఈ చికిత్స మీద జరిగిన హెలిక్స్ అనే అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. అందులో చల్లబరిచిన పిల్లల్లో మరణాలు పెరిగాయి. 108లో తెచ్చేటప్పుడు తడిగుడ్డ చుట్టొద్దని గట్టిగా చెప్పండి. తుడిచి, పొడిగుడ్డ చుట్టి, 36.5–37.5 మధ్య ఉండేలా చూస్తే చాలు.