క్లోబజామ్, ముక్కు స్ప్రే: రెండూ గాబా మీదేనట, అంటే ఏంటి?

ప్రశ్న: మా బాబుకి ఫిట్స్. డాక్టర్ గారు రాత్రికి క్లోబజామ్, అత్యవసరానికి మిడజోలామ్ ముక్కు స్ప్రే రాశారు. గాబా రిసెప్టర్ల మీద పనిచేస్తాయన్నారు. పొద్దున్నే లేపితే వాడు బ్రష్ నోట్లో పెట్టుకునే తూగుతున్నాడండీ.

ఫార్మసిస్టుని: గాబా అంటే మెదడులోని ఒక రసాయనం, మెదడుకి బ్రేకు లాంటిది. అది నాడీకణం మీదుండే రిసెప్టర్‌కి (దాన్ని పట్టుకునే చోటు) అతుక్కుంటే అందులోని ద్వారం తెరుచుకుని, ఋణావేశమున్న క్లోరైడ్ నాడీకణంలోకి వెళ్లి, కణం రెచ్చిపోకుండా ఆగుతుంది. ఈ మందులతో ఆ ద్వారం మరిన్నిసార్లు తెరుచుకుంటుంది. మత్తూ అందుకే. 1912 నుంచి మూర్ఛకు వాడుతున్న ఫినోబార్బిటాల్ అయితే ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది.

ఇంకొకరు: మా చెల్లికీ ఇవే. ఫిట్స్ ఐదు నిమిషాలైనా ఆగకపోతే చూస్తూ కూర్చోకండి. సాగేకొద్దీ ఆ రిసెప్టర్లు కణం లోపలికి జారిపోతాయి, మందు పట్టదు. మేం స్ప్రే దాని బ్యాగు ముందు జిప్పులోనే పెడతాం.

ప్రశ్న: పరీక్షలప్పుడు ఒక పూట మానేయొచ్చా?

ఫార్మసిస్టుని: అస్సలొద్దమ్మా! హఠాత్తుగా ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి. మత్తు సంగతి డాక్టర్‌కే చెప్పండి, డోసు ఆయనే చూస్తారు.