శ్రీలంక అడవులకు ప్యాకేజీ లేకుండా మా అంతట మేమే వెళ్దామని. ఈ ప్లాన్ ఎలా ఉందో చూసి చెప్పండి

ప్రశ్న (విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో తొమ్మిది రోజులు శ్రీలంక వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఆరో తరగతి చదివే మా పాప. పాపకి పక్షుల పిచ్చి. ఒకసారి కొల్లేరు చూపించి తెచ్చానంతే, అప్పటి నుంచి డాబా మీద కాకి వాలినా నోట్‌బుక్కులో ఎక్కిస్తోంది. గుళ్ళూ షాపింగూ మాకు అక్కర్లేదు. అడవి, కొండ, సముద్రం చాలు. ట్రావెల్స్ వాళ్ళ ప్యాకేజీ అంటే పొద్దున్నే బస్సెక్కించి ఈలలేస్తారు, అది మావల్ల కాదు.

నేను వేసుకున్న ప్లాన్: మొదటి రోజు నెగొంబో, రెండు విల్పత్తు, మూడు సిగిరియ, మిన్నేరియ, నాలుగు క్యాండీ, ఐదు రైల్లో ఎల్ల, ఆరు హార్టన్ ప్లెయిన్స్ కొండ మైదానం, ఏడు యాల నేషనల్ పార్కు, ఎనిమిది మిరిస్సలో తిమింగలాలు, తొమ్మిది సింహరాజ అడవి చూసుకుని రాత్రికి ఎయిర్‌పోర్టు. మా ఆవిడ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఎక్కడైనా తప్పుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

జవాబు (హైదరాబాద్, మూడుసార్లు వెళ్ళొచ్చాను)

తమ్ముడూ, మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నా. ఇందులో సగం కొట్టేయాలి.

మ్యాపులో శ్రీలంక చిన్నగానే కనిపిస్తుంది. 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో సగానికి కాస్త ఎక్కువ. అక్కడే అందరం మోసపోతాం. రోడ్లకి వంక పెట్టలేం కానీ చాలావరకు రెండు లైన్లే. ఊరు దాటితే ఇంకో ఊరు, కొండెక్కితే మలుపు తర్వాత మలుపు. ఎక్స్‌ప్రెస్‌వే కాకపోతే గంటకి 35 కిలోమీటర్ల లెక్కన వేసుకో. ఎయిర్‌పోర్టు నుంచి సిగిరియకే నాలుగు గంటలు. తొమ్మిది రోజుల్లో పది చోట్లంటే పాప పక్షుల్ని కారు అద్దంలోంచే లెక్కపెట్టుకోవాలి.

దాని కంటే పెద్ద చిక్కు నెల. ఆ దేశానికి రెండు రుతుపవనాలు రెండు వేర్వేరు వైపుల నుంచి వస్తాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి. కొలంబో, గాల్, సింహరాజ, కొండల పడమటి వాలు తడుస్తాయి, తూర్పు తీరం ఎండలో ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యం. అప్పుడు తూర్పు తడిసి దక్షిణం, పడమర తేటపడతాయి. అందుకని ఏ నెలలో వెళ్ళినా ఎక్కడో ఒకచోట సీజనే. నువ్వు ఎంచుకున్న అక్టోబరు మాత్రం రెండింటికీ మధ్య సంధికాలం. పొద్దున ఎండ, మధ్యాహ్నం రెండు దాటితే ఉరుములు, నెలాఖరుకి అల్పపీడనాలు. బంగాళాఖాతం సంగతి బెజవాడ వాళ్ళకి నేను చెప్పాలా!

నీ లిస్టు అక్టోబరుకి ఎలా ఉంటుందో చూడు. యాలలో అందరూ వెళ్ళే ఒకటో బ్లాకుని మామూలుగా సెప్టెంబరు నుంచి అక్టోబరు సగం దాకా మూసేస్తారు, అది ఎండాకాలపు విరామం. మిరిస్స తిమింగలాల సీజన్ డిసెంబరు నుంచి ఏప్రిల్. సింహరాజలో గొడుగు కింద నడవాలి. దసరాకి కాస్త ఆశ మిగిలేది మిన్నేరియ ఒక్కటే. సీజన్లో అయితే అది చూసి తీరాల్సిందే. మిన్నేరియ చెరువుని మూడో శతాబ్దంలో మహాసేన మహారాజు తవ్వించాడు. జులై నుంచి నీరు తగ్గేకొద్దీ బయటపడిన గట్ల మీద లేత గడ్డి మొలుస్తుంది. చుట్టుపక్కల అడవుల్లో నీళ్ళు ఎండిపోయి ఏనుగులన్నీ ఆ గడ్డి కోసం సాయంత్రానికి దిగుతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో వందల్లో ఉంటాయి. వాన పడి చెరువు నిండితే గడ్డి మునుగుతుంది, ఏనుగులు వెళ్ళిపోతాయి. అక్టోబరులో అయితే అదృష్టం మీద ఆధారం.

నా సలహా: సంక్రాంతికి మార్చుకో. మిన్నేరియ వదులుకుని దక్షిణం, కొండలు పట్టుకో.

ప్రశ్న అడిగిన వారు

అన్నా, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. సంక్రాంతికీ పాపకి తొమ్మిది రోజులు సెలవులొస్తాయి. అమ్మని ఒప్పించడమే కష్టం, పండక్కి ఇంట్లో లేకుండా ఎక్కడికి అంటుంది. అది నేను చూసుకుంటాను. యాల మాత్రం వదలబుద్ధి కావట్లేదు. చిరుత ఒక్కటైనా కనిపించాలని పాప ఆశ.

జవాబు (విశాఖపట్నం)

అమ్మగారితో చెప్పండి, సంక్రాంతి అక్కడా సెలవే. తై పొంగల్ పేరుతో దేశమంతా సెలవిస్తారు. నువర ఎలియ చుట్టూ తేయాకు తోటల్లో పనిచేసే తమిళులు ఇళ్ళ ముందు ముగ్గులు పెట్టి పొంగలి పొంగిస్తారు.

సింహరాజ గురించి నేను చెబుతాను, నాకు బాగా తెలిసింది అదొక్కటే. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన వానాడవి. జీపులు లోపల తిరగవు. గైడుని పెట్టుకుని నడవాలి. ఉత్తరాన కుడవ, దక్షిణాన దెనియాయ, ఇలా రెండు వైపుల నుంచి వెళ్ళొచ్చు. మేం దెనియాయలో ఒకరింట్లో గది తీసుకున్నాం.

పాపకి ముందే చెప్పి ఉంచండి: అక్కడ పక్షులు ఒక్కొక్కటిగా కనపడవు. అరగంట నడిచినా ఆకు కదలదు. మా అబ్బాయి "ఇంతేనా" అని మొహం మాడ్చుకున్నాడు. గైడు చెయ్యెత్తి ఆగమన్నాడు. ముందు కిచకిచమని పిట్టల గోల, ఆ వెనకే తలపైన కొమ్మలన్నీ ఒక్కసారిగా కదిలాయి. రకరకాల జాతుల పక్షులు గుంపుగా కలిసి వేటకి తిరుగుతాయట. కింద కొన్ని ఆకులు తిరగేస్తుంటే, లేచిన పురుగుల్ని పైనున్నవి అందుకుంటాయి. ఐదు నిమిషాల్లో అంతా దాటిపోయింది. ఆ గుంపులోనే నీలి మాగ్‌పై చూశాం. ఒళ్ళంతా నీలం, తల ఇటుక రంగు, ముక్కూ కాళ్ళూ ఎర్రగా. ప్రపంచంలో శ్రీలంకలో తప్ప మరెక్కడా లేదు. ఇలా ఆ దేశానికే సొంతమైన పక్షులు ముప్ఫైకి పైగా ఉన్నాయి, వాటిలో చాలావరకు ఈ అడవిలో కనిపిస్తాయి.

ఇక జలగలు. ఉంటాయి, పట్టుకుంటాయి, భయపడాల్సిందేమీ లేదు. మోకాళ్ళ దాకా వచ్చే జలగ మేజోళ్ళు అక్కడే అమ్ముతారు. ప్యాంటు వాటిలోకి దోపుకోండి. పట్టినప్పుడు లాగకండి, ఉప్పు గానీ సబ్బు నీళ్ళు గానీ తగిలిస్తే ఊడిపోతుంది. రక్తం గడ్డకట్టకుండా అది ఒక ద్రవం వదులుతుంది కాబట్టి ఊడాక కూడా కాసేపు కారుతూనే ఉంటుంది. మా అబ్బాయి సాక్సు ఎర్రగా చూసి నేను గొల్లుమన్నాను. వాడేమో స్కూల్లో చూపించడానికి ఫొటో తీసుకున్నాడు.

తిండి సంగతి ముఖ్యం. మీ ఆవిడకి అన్నం, పప్పు, పనస కూర, గోటుకొల ఆకుతో కొబ్బరి పచ్చడి లాంటి సంబోల్, ఆప్పం, ఇడియాప్పం అన్నీ దొరుకుతాయి. మోసం చేసేది పోల్ సంబోల్. చూడ్డానికి మన కొబ్బరి కారమే, కానీ చాలాచోట్ల అందులో ఉంబలకడ కలుపుతారు, అంటే ఎండబెట్టిన సూర చేప పొడి. కూరల్లోనూ పడుతుంది. "శాకాహారం" అంటే వాళ్ళకి మాంసం లేకపోతే చాలు, చేప పొడి లెక్కలోకి రాదు. కాబట్టి "మస్ ఎపా, మాలు ఎపా, ఉంబలకడ ఎపా" అని మూడూ విడివిడిగా చెప్పమనండి. సింహళంలో మస్ అంటే మాంసం, మాలు అంటే చేప, ఎపా అంటే వద్దు. నేను ఒక పూట తిన్నాక తెలుసుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

జవాబు (చెన్నై)

నాలుగు ముక్కలు డబ్బు, కాగితాల గురించి.

ఈటీఏ, అంటే శ్రీలంక వెళ్ళడానికి ముందస్తు అనుమతి, ఆన్‌లైన్లో తీసుకోండి. ప్రభుత్వ సైటు "ఈటీఏ డాట్ జీవోవీ డాట్ ఎల్‌కే". నేను వెతికినప్పుడు మొదట కనిపించిన ఏదో సైట్లో కట్టేశాను, మామూలు ఫీజుకి మూడు రెట్లు పోయింది. మనవాళ్ళకి ఫీజు ఉంటుందా ఉండదా అన్నది తరచూ మారుతోంది, టికెట్ కొనే రోజున ఆ సైట్లోనే చూడండి.

నేషనల్ పార్కుల్లో విదేశీయుల టికెట్ డాలర్ల లెక్కన ఉంటుంది. మనకి సార్క్ (దక్షిణాసియా) దేశాల రేటు వేరే, తక్కువ. పాస్‌పోర్టు చూపిస్తేనే ఇస్తారు, హోటల్లో పెట్టి వెళ్ళకండి. టికెట్, సర్వీస్ చార్జీ, పన్ను, జీపు అద్దె అన్నీ వేర్వేరు. బేరమాడేటప్పుడు "జీపుకా, మొత్తానికా" అని అడగండి. మన రూపాయికి వాళ్ళవి దాదాపు మూడున్నర వస్తాయి.

రైలు గురించి జాగ్రత్త. క్యాండీ నుంచి ఎల్ల దాకా తేయాకు తోటల మధ్య వెళ్ళే లైను అందమైనదే, టికెట్లు నెల ముందు తెరిచిన వెంటనే అయిపోతాయి. కానీ 2025 నవంబరు చివర్లో వచ్చిన దిత్వా తుఫానుకి కొండ లైను బాగా దెబ్బతింది. ఏ ముక్క నడుస్తోందో తేల్చుకున్నాకే దాని చుట్టూ ప్లాన్ కట్టండి.

బస్సులు చవక, కానీ పిల్లతో, సామానుతో కొండల్లో కష్టం. ఊరి నుంచి ఊరికి కారూ డ్రైవరూ మాట్లాడుకోవడం మేలు. డ్రైవర్‌ని తొమ్మిది రోజులకీ కట్టేసుకోనక్కర్లేదు, ఒక్కో గెస్ట్‌హౌస్‌లో దిగాక తర్వాతి మజిలీకి అక్కడే అడగండి. తమిళం రెండు ముక్కలొస్తే కొండల్లో పని చాలా తేలిక.

జవాబు (హైదరాబాద్)

యాల సంగతి. చిరుతలు దట్టంగా ఉన్న మాట నిజం. కానీ ఒక చిరుత చెట్టెక్కిందని వైర్‌లెస్ లేకపోయినా ఫోన్లలో తెలిసిపోతుంది. నలభై జీపులు దుమ్ములో ఒకదాని వెనక ఒకటి. మేం చూసిన చిరుత తోక ఒక కొసే. ఆ గంటలో పాపకి దొరికేది దగ్గు. దాని బదులు ఉడవలవె నేషనల్ పార్కుకి వెళ్ళండి. ఏడాది పొడుగునా ఏనుగులుంటాయి, మైదానం కాబట్టి దూరం నుంచే కనిపిస్తాయి, గద్దలు, నెమళ్ళు, నీటి పక్షులు బోలెడు.

పక్కనే తల్లిని పోగొట్టుకున్న గున్నల శిబిరం ఉంది, 1995లో పెట్టారు. మూడు గంటలకోసారి పాలు పడతారు. గేటు తెరవగానే ఒక్కో గున్నా చెవులు ఆడిస్తూ గరాటు దగ్గరికి పరుగెత్తుకొస్తుంది, వంతు రానివి అరుస్తాయి. మనం దూరంగా మెట్ల మీద కూర్చుని చూడటమే, ముట్టుకోనివ్వరు. పెద్దయ్యాక తిరిగి అడవిలోనే వదిలేస్తారు కాబట్టి మనిషి అలవాటు కాకూడదని. ఏనుగెక్కిస్తాం, స్నానం చేయిస్తాం అనే చోట్లకి మాత్రం వెళ్ళకండి.

జవాబు (గుంటూరు)

యాల గురించి అన్నతో ఒప్పుకోను. మేం తెల్లారగట్ల గేటు తెరిచే వేళకి వరసలో ముందుండి, జనం ఎక్కువగా వెళ్ళే దారి వదిలేయమని డ్రైవర్‌తో చెప్పాం. రెండు చిరుతలు చూశాం, పక్కన ఒక్క జీపే. పున్నమి రోజు మాత్రం వద్దు. పోయ అని ప్రతి పున్నమికీ అక్కడ సెలవు, ఊరంతా పార్కులోనే ఉంటుంది.

జవాబు (హైదరాబాద్)

రెండా! ఆ డ్రైవర్‌ కాళ్ళకి దణ్ణం పెట్టాలి. సరే, సమయముంటే విల్పత్తుకి నా ఓటు. సహజంగా ఏర్పడిన చెరువులు, వాళ్ళు విల్లు అంటారు, వాటి గట్ల మీద చిరుతలు. జీపుల రద్దీ తక్కువ. కానీ అది వాయవ్యాన ఉంది, ఈ ట్రిప్పులో ఇమడదు.

విల్పత్తు దారిలో ఒక విశేషం. అనురాధపుర జిల్లాలో అహికుంటికలనే పాములాడించే సంచార జాతి వాళ్ళున్నారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన "యాడికి పోతా ఉండారు" అన్నట్టు వినిపించి నా చేతిలో గ్లాసు ఆగిపోయింది. యాస వేరు, కొన్ని మాటలు పట్టుబడలేదు. చూడ్డానికని వాళ్ళ ఊళ్ళ మీద పడకండి గానీ, ఎదురైతే పలకరించండి.

ప్రశ్న అడిగిన వారు

అందరికీ ధన్యవాదాలు. కొత్త ప్లాన్: నెగొంబో ఒక రాత్రి, నువర ఎలియ రెండు, ఉడవలవె ఒకటి, దెనియాయ రెండు, మిరిస్స రెండు. ఎల్లని దారిలో చూసుకుని వెళ్తాం. యాల లేదు, పాపతో రాజీ కుదిరింది. మూడు అనుమానాలు. హార్టన్ ప్లెయిన్స్ పాప నడవగలదా? తిమింగలాలకి ఒక్క పూట చాలదా, మిరిస్సలో రెండు రాత్రులు అవసరమా? దోమల మందులేమైనా వేసుకోవాలా?

జవాబు (విశాఖపట్నం)

నడుస్తుంది. చుట్టూ తిరిగొస్తే తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు, ఎక్కువ భాగం సమతలం. కానీ ఎత్తు 2,100 మీటర్లు, తెల్లవారుజామున అరకు చలి దీని ముందు దిగదుడుపే. స్వెట్టరు, చెవులకి టోపీ. నువర ఎలియలో ఐదుకే బయల్దేరండి. వరల్డ్స్ ఎండ్ దగ్గర కొండ ఒక్కసారిగా ఎనిమిది వందల మీటర్లకి పైగా తెగిపోయి ఉంటుంది. తొమ్మిది దాటితే కింద నుంచి మేఘం లేచి తెల్లగోడే మిగులుతుంది. గేటు దగ్గర సంచులు వెతికి పాలిథిన్ తీసేస్తారు, పులిహోర స్టీలు డబ్బాలో పెట్టుకోండి.

రెండో రాత్రి సముద్రం కోసం. అల ఎక్కువుంటే ఆ పూట పడవలు కదలవు, మర్నాటికి ఇంకో అవకాశం ఉండాలి. దొండ్ర కొన దగ్గర తీరం నుంచి కొద్ది దూరంలోనే నేల ఒక్కసారిగా లోతుకి దిగుతుంది, అందుకే నీలి తిమింగలం అంత దగ్గరికి వస్తుంది. వాంతుల మాత్ర పడవెక్కాక కాదు, అరగంట ముందే వేసుకోవాలి. తిమింగలం మీదకి పడవ ఉరికించే వాళ్ళుంటారు, దూరం పాటించే పడవేనా అని గెస్ట్‌హౌస్ వాళ్ళని అడిగి ఎక్కండి.

మలేరియా లేదని 2016లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. డెంగీ ఉంది, ఓడోమాస్ పగలు కూడా రాయండి.

ప్రశ్న అడిగిన వారు

పులిహోర ఐడియాకి మా ఆవిడ మీకు థ్యాంక్స్ చెప్పమంది. పాప కొత్త నోట్‌బుక్కు కొనిపించుకుంది, మొదటి పేజీలో "నీలి మాగ్‌పై" అని రాసి పక్కన డబ్బా గీసి ఉంచింది. అమ్మకి ఇంకా చెప్పలేదు.