డోలో వేసుకుని గంటైనా తలనొప్పి తగ్గట్లే, ఎందుకు?

నైట్‌షిఫ్ట్ నాని:
నైట్ షిఫ్ట్ దిగేసరికి తల పగిలిపోతుంటది అన్నా, రూమ్‌కొచ్చి కడుపునిండా తినేసి డోలో 650 వేసుకుని పడుకుంటా, గంటైనా నొప్పి అట్లనే ఉంటది. మా రూమ్మేట్ ఏమో తినకముందే కాంబిఫ్లామ్ వేస్కుంటడు, అరగంటల సెట్ అయితడు. అసలు ఈ గోళీలు లోపల ఏం చేస్తయి? అరగంటల తగ్గకపోతే ఇంకోటి వెయ్యొచ్చా?

మందులషాపు మావయ్య:
ఇంకోటి వెయ్యకు తమ్ముడూ. మందు రక్తంలోకి ఎక్కేది ఎక్కువగా చిన్నపేగులోంచి, నువ్వు కడుపునిండా తిన్నాక వేస్తే ఆ అన్నంతో పాటే పొట్టలో కూర్చుంటది, అందుకే లేటు. నీ డోలో అంటే పారాసెటమాలే, అది ఖాళీ కడుపున వేసుకున్నా పర్లేదు, గ్లాసుడు నీళ్ళతో వేసుకో, అరగంట నుంచి గంటలోపు పని మొదలెడుతుంది, నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది.
ఇక లోపల ఏం జరుగుతుందంటే, వాపు వచ్చినచోట ప్రోస్టాగ్లాండిన్లు అని తయారవుతాయి, నొప్పి నరాలు చిన్నదానికే గోల పెట్టేలా చేసేవి అవే. వాటిని తయారుచేసే కాక్స్ ఎంజైమ్‌ని ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ అడ్డుకుంటాయి. ఆస్పిరిన్ 1899 నుంచి అమ్ముతున్నారు గానీ ఈ సంగతి సైంటిస్టు జాన్ వేన్ తేల్చింది 1971లో, 1982లో నోబెల్ కూడా వచ్చింది, అంటే డెబ్బై ఏళ్ళు ఎలా పనిచేస్తుందో తెలీకుండానే మింగారు జనం 😄 పారాసెటమాల్ మాత్రం ఎక్కువగా మెదడు, వెన్నుపాములోనే పనిచేస్తుంది, దాని లెక్క ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

బెజవాడ బుల్లోడు:
ఇదంతా ఎందుకు బ్రో, ఒక ఇంజెక్షన్ పొడిపించుకో, ఐదు నిమిషాల్లో క్లియర్

సుజాత (నర్సు):
తలనొప్పికి ఇంజెక్షన్ ఏంటండీ బాబూ. నాని, మీ రూమ్మేట్ వేసుకునే దాంట్లో ఇబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు రెండూ ఉంటాయి, దానిమీద డోలో కూడా వేస్తే పారాసెటమాల్ డబుల్ అయినట్టే. జలుబు టాబ్లెట్లలో కూడా చాలావాటిలో ఇదే ఉంటుంది, స్ట్రిప్ వెనక చదవండి. పెద్దవాళ్ళకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, అంటే 650వి ఆరు, అది కూడా ఆఖరి లిమిట్, ఆల్కహాల్ తాగే అలవాటుంటే ఇంకా తక్కువ, లివర్ పోతుంది. ఇబుప్రొఫెన్ అయితే ఏదైనా తిన్నాకే, అల్సర్, కిడ్నీ ప్రాబ్లం ఉన్నవాళ్ళు అసలు ముట్టుకోవద్దు. వానాకాలం జ్వరాలప్పుడు మాత్రం డెంగీ కాదని తేలేదాకా ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ జోలికెళ్ళకండి, రక్తస్రావం రిస్క్. నెలసరి నొప్పికి మాత్రం ఇబుప్రొఫెన్ బాగా పనిచేస్తుంది, నొప్పి ముదిరాక కాకుండా మొదలవగానే వేసుకుంటే.

నైట్‌షిఫ్ట్ నాని:
థాంక్స్ అక్కా. నేనైతే దాదాపు రోజూ వేస్కుంటున్న, మరి?

సుజాత (నర్సు):
రోజూనా?? నెలలో సగం రోజులు అలా నెలల తరబడి వేసుకుంటే ఆ టాబ్లెట్ వల్లే తలనొప్పి రావడం మొదలవుతుంది, డాక్టర్‌కి చూపించుకోండి, కళ్ళు, బీపీ కూడా చెక్ చేయించుకోండి.

నైట్‌షిఫ్ట్ నాని:
సరే అక్కా ఈ వారమే పోత. చాయ్‌తో వేస్కుంటే తొందరగ పనిచేస్తదంటరు, నిజమేనా?

మందులషాపు మావయ్య:
కొంచెం నిజమే, కెఫీన్ వల్ల నొప్పి తగ్గడం కాస్త పెరుగుతుంది, సారిడాన్‌లో కలిపేది అందుకే. కానీ నువ్వు పడుకోబోయే ముందు చాయ్ తాగి ఇంక నిద్రెక్కడ పోతావయ్యా.