కడుపు క్యాన్సర్ పేదోళ్ల జబ్బా? మా నాయన విషయంలో అడుగుతున్నా

పలమనేరు పిల్లోడు:
అందరికీ నమస్తే. సంక్రాంతికి ముందు మా నాయనకు కడుపు క్యాన్సర్ అని తేలింది. వయసు 61. సీజన్‌లో మామిడి మండీలో హమాలీ, మిగతా రోజులు బేల్దారి పని. రెండేళ్లుగా కడుపులో మంట అంటూనే ఉన్నాడు, మెడికల్ షాపులో గ్యాస్ బిళ్ళలు కొనుక్కుని వేసుకునేవాడు, చొక్కా జేబులో బీడీ కట్ట పక్కన సగం చింపిన ఆ షీటు ఎప్పుడూ ఉండేది. నాలుగు ముద్దలకే చాలు అనేవాడు, వయసైపోతోంది కదా అనుకున్నాం. మొలతాడు జారిపోతోందని అమ్మ రెండుసార్లు ముడి బిగించింది, అప్పుడైనా మాకు తట్టలేదు. ఇప్పుడు తిరుపతిలో కీమో నడుస్తోంది.

మా మేనత్తేమో ఊరగాయ, కారం తిని తిని తెచ్చుకున్నాడంటుంది. ఆఫీసులో ఒకాయన మాత్రం తేలిగ్గా "అది పేదోళ్ల జబ్బులే" అన్నాడు. కోపం వచ్చింది గానీ నిజమా అని డౌటు కూడా వచ్చింది. నేను పుట్టి పెరిగింది ఆ ఒంటిగది ఇంట్లోనే. ఇప్పుడు తిరుపతిలో బ్యాంకు ఉద్యోగం, సొంత ఫ్లాటు, ఆర్ఓ నీళ్లు. నేను తప్పించుకున్నట్టేనా? నా పిల్లల సంగతి? తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

ల్యాబ్ అన్న:
తమ్ముడూ, నేను డాక్టర్ని కాదు, 22 ఏళ్లుగా మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఉన్నా. ఆయన మాట మొరటుది గానీ దాని వెనక ఒక నిజం ఉంది. కడుపు క్యాన్సర్లలో ఎక్కువ భాగానికి మూలం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు 1982లో దీన్ని పట్టుకున్నారు, ఎవరూ నమ్మకపోతే మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియా ఉన్న ద్రావణం తానే గటగటా తాగి కడుపు వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వరుసలో పెట్టింది.

ఇది ఎక్కువగా పట్టేది చిన్నతనంలో. ఒకే గది, ఒకే చాపమీద నలుగురు, ఒకే చెంబు, మరుగుదొడ్డి లేని ఇల్లు, నమ్మకంలేని నీళ్లు. పేదరికానికీ దీనికీ ముడి పడేది అక్కడ. అందుకే నీ జీతం ఎంతని కాదు, నీకు ఐదేళ్లప్పుడు ఇల్లు ఎలా ఉండేదనేది ముఖ్యం. ముప్పై ఏళ్ల కిందట వచ్చి కూర్చున్నది ఇవాళ ఆర్ఓ నీళ్లు తాగితే లేచిపోదు. జపాన్ నుంచి హవాయికి వలస వెళ్లినవాళ్లలో కడుపు క్యాన్సర్ ఎక్కువగానే కొనసాగింది, అక్కడే పుట్టిన వాళ్ల పిల్లల్లో తగ్గింది. పెరిగిన చోటు వెంట వస్తుందన్నమాట.

అలాగని హడలిపోవద్దు. ఈ బ్యాక్టీరియా ఉన్న వందమందిలో క్యాన్సర్ వచ్చేది ఒకరి నుంచి ముగ్గురికే. మన దేశంలో సగానికి పైగా జనం కడుపులో ఇది ఉన్నా, జపాన్, కొరియాలతో పోలిస్తే ఈ క్యాన్సర్ మనకు తక్కువే. మన దగ్గరా ఊరూరికీ తేడా ఉంది, మిజోరంలో చాలా ఎక్కువ. బీడీ, సిగరెట్టు, ఉప్పులో ఊరబెట్టినవి దీనికి తోడైతే ప్రమాదం పెరుగుతుంది. మీ అత్త ఊరగాయను అంటే సగం ఒప్పుకుంటా, అందులో అనుమానించాల్సింది ఉప్పు. కారం మీద కేసు అంత గట్టిగా లేదు.

చిత్తూరు అక్క:
ల్యాబ్ అన్నా, మా బావ సంగతేమంటారు మరి? గ్రానైట్ వ్యాపారం, రెండు కార్లు, చిన్నప్పుడూ బాగా ఉన్నవాళ్లే. పోయినేడు ఇదే జబ్బు బయటపడింది. డబ్బుంటే రాదని ఎవరూ ధీమాగా ఉండొద్దని చెప్తున్నా.

ల్యాబ్ అన్న:
అక్కా, అన్నవాహిక వచ్చి కడుపును కలిసే పైభాగంలోనా ఆయనకు? అయితే అది కొంచెం వేరే లెక్క. అక్కడ ఒళ్లు బరువు, పుల్లటి తేపులు ఎక్కువగా కారణమవుతాయి, పేదరికంతో లంకె అంత బలంగా ఉండదు. నేను చెప్పింది కడుపు కింది భాగం గురించి.

చిత్తూరు అక్క:
అవునన్నా, పైభాగమే అన్నారు. మనిషి 98 కిలోలు.

రేణిగుంట ఆటో:
బ్యాక్టీరియా సరే, నేను ఇంకొకటి చెప్తా. మా అమ్మకు ఇదే జబ్బు. ఊళ్లో ఒక ప్రైవేటు డాక్టరు ఎనిమిది నెలలు గ్యాస్ బిళ్ళలే రాశాడు, ఒక్కసారీ కెమెరా వేసి చూద్దాం అనలేదు. మలం నల్లగా వస్తుంటే రక్తం బిళ్ళల వల్లేమో అనుకుంది. ఎండోస్కోపీకి వెళ్లాలంటే ఆమె కూలి పోతుంది, తోడు వెళ్లే నా ఆటో ఆగుతుంది, మళ్లీ రిపోర్టుకు ఇంకో రోజు. ఆరోగ్యశ్రీ ఆపరేషన్‌కు పనికొచ్చింది, కాదనను, కానీ ఆపరేషన్ దాకా వచ్చేసరికే ముదిరిపోయింది. తర్వాత వార్డులో ప్రతి ఒక్కరూ "ఇన్నాళ్లు ఎందుకు నిర్లక్ష్యం చేశారు" అని అడిగేవాళ్లే. నిర్లక్ష్యం కాదు సార్, తీరిక లేదు. జపాన్‌లో 50 దాటినోళ్లకు ఏ నొప్పీ లేకపోయినా లోపల చూస్తారంట, తొందరగా పట్టుకుంటే చాలామంది బతుకుతారంట. మనకు నొప్పి ఉన్నా చూడరు.

ల్యాబ్ అన్న:
ఆటో అన్న మాటకు నేను చేర్చేది ఒకటే. గ్యాస్ బిళ్ళ మంటను అణిచేస్తుంది, లోపల జబ్బు మాత్రం దాని పని అది చేసుకుంటూ పోతుంది. 50 దాటాక కొత్తగా అజీర్తి మొదలైనా, బరువు తగ్గుతున్నా, మింగడం కష్టమైనా, మలం నల్లగా వచ్చినా బిళ్ళతో సరిపెట్టుకోకుండా ఎండోస్కోపీ అడగాలి.

పిల్లోడా, నాయనకు వచ్చింది కాబట్టి నీకూ, నీ తోబుట్టువులకూ ఈ బ్యాక్టీరియా పరీక్ష అవసరం. మలం పరీక్షో, ఊపిరి పరీక్షో చేయించుకోండి. రక్తంలో యాంటీబాడీ చూసే పరీక్ష వద్దు, అది పాత ఇన్‌ఫెక్షన్‌నూ ఇప్పటిదాన్నీ విడదీయలేదు. పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ళలు రెండు వారాల ముందు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాల ముందు ఆపాలి, లేకపోతే ఉన్నా లేనట్టు చూపిస్తుంది. ఉందని తేలితే మందులు మామూలుగా 14 రోజులు. షాపులో అడిగి వేసుకోవద్దు, మన దగ్గర మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌కు ఈ బ్యాక్టీరియా చాలామందిలో లొంగడం లేదు. పిల్లలకు ఏ ఇబ్బందీ లేకపోతే ఇప్పుడు పరీక్ష అక్కర్లేదు.

పలమనేరు పిల్లోడు:
థాంక్స్ అన్నా. మీరు పాంటోప్రజోల్ అనగానే వెళ్లి నా ఆఫీసు బ్యాగు చూసుకున్నా, నాయన జేబులో ఉన్న షీటే నా బ్యాగులోనూ ఉంది. నాలుగు నెలలుగా పొద్దున్నే వేసుకుంటున్నా, ఎందుకని నన్ను నేనే అడగలేదు. మా డాక్టర్‌తో మాట్లాడి ఇవాళ్టి నుంచి ఆపేశా. చెల్లెలు పలమనేరులోనే ఉంది, రెండు ఆవులు, పొద్దునా సాయంత్రం పాలు పితకాలి, తిరుపతి వచ్చిపోవడం కుదరదంటోంది. తనకేం దారి?

ల్యాబ్ అన్న:
ఆమె రానక్కర్లేదు. దగ్గర్లో ఏ ల్యాబ్‌లోనైనా మలం శాంపిల్ డబ్బా అడిగి తీసుకోమను, అదే రోజు ఇచ్చేస్తే చాలు, పాల వేళకు అడ్డం రాదు.