సన్‌ప్యాక్ షీట్లను సీఎన్‌సీ రౌటర్‌పై పీచు లేకుండా కోయడం ఎలా?

నమస్కారం. బెంగళూరు పీణ్యాలోని ఒక చిన్న షెడ్డులో సైన్‌బోర్డులు, ప్యాకింగ్ పెట్టెలు తయారు చేస్తుంటాను. లోపల బోలుగా, వరుస గాడులతో ఉండే 5 మి.మీ. పాలీప్రొపిలీన్ షీట్లను, అంటే మనం సన్‌ప్యాక్ అని పిలిచేవాటిని, సీఎన్‌సీ రౌటర్‌పై, అంటే కంప్యూటర్ నడిపే కోత యంత్రంపై, కోసినప్పుడు అంచులు శుభ్రంగా రావడం లేదు. గాడుల వెంబడి కోత బాగానే ఉంది. అడ్డంగా కోసినప్పుడు మాత్రం లోపలి పలుచని గోడలు బిట్ (గిర్రున తిరుగుతూ కోసే పనిముట్టు) తాకిడికి వంగిపోయి, నూలుపోగుల్లాంటి పీచు అంచున వేలాడుతోంది. వేలితో లాగితే అది తెగదు, సాగుతుంది.

ప్రస్తుతం 3 మి.మీ. రెండంచుల బిట్‌ను 18,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వద్ద నడుపుతున్నాను. ఈ ప్లాస్టిక్ దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది కనుక, స్పిండిల్ (బిట్‌ను తిప్పే భాగం) వేగం తగ్గించి, ఫీడ్ (బిట్ షీట్‌పై ముందుకు సాగే వేగం) పెంచి చూశాను. కరగడం తగ్గింది గాని, అంచుల్లో క్లాంపులు ఉన్నా షీట్ నడుమ పైకి లేచి అదురుతోంది.

ఒకే అంచున్న డౌన్‌కట్ బిట్‌కు (షీట్‌ను కిందికి నొక్కుతూ కోసేది) మారితే సరిపోతుందా, లేక వాక్యూమ్ బెడ్ (గాలి పీల్చి షీట్‌ను పట్టి ఉంచే బల్ల) తప్పనిసరా? స్పిండిల్‌కు బదులు డ్రాగ్ నైఫ్ (గిర్రున తిరగకుండా ఈడ్చుకుంటూ కోసే కత్తి) బిగించడమే మేలని నాకు అనిపిస్తోంది, అయితే మూల తిరిగే చోట అది షీట్‌ను చింపుతుందేమోనని వెనుకాడుతున్నాను. ఈ షీట్లపై స్వయంగా పని చేసినవారు తమ బిట్ రకం, వేగం, ఫీడ్ వివరాలు దయచేసి తెలియజేయగలరు.