సోరియాసిస్ శాంపిల్‌లో ల్యూకోట్రైన్ బి4: ఎలైజా ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: గుంటూరులో ఎం.ఫార్మసీ చేస్తున్నానండీ. సోరియాసిస్ పేషెంట్ల మోచేతి బయాప్సీల్లో (పరీక్షకి కోసిన చర్మపు ముక్కల్లో) వాపుకి కారణమయ్యే కొవ్వు అణువులు ల్యూకోట్రైన్ బి4, ప్రోస్టాగ్లాండిన్ ఇ2 (పీజీఇ2) కొలవాలి. మా దగ్గర యాంటీబాడీతో కొలిచే ఎలైజా కిట్టే ఉంది. కొత్తపేట క్లినిక్ నుంచి ల్యాబ్‌కి తెచ్చేసరికి మే ఎండకి ఐస్ సగం నీళ్లవుతోంది. ఈ రీడింగ్స్ నమ్మొచ్చా? దురదతో రాత్రుళ్లు నిద్రలేని వాళ్లు నొప్పి ఓర్చుకుని ఇచ్చిన ముక్కలు, వృథా అవుతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ముందు ఐస్ సంగతి చూడమ్మా. ముక్క కోశాక కూడా ఎంజైములు ఆగవు, ప్రోస్టాగ్లాండిన్లు కొత్తగా పుడుతూనే ఉంటాయి. అప్పుడు జబ్బు వల్ల ఎంతో, దారిలో పెరిగింది ఎంతో విడదీయలేం. క్లినిక్‌లోనే డ్రై ఐస్‌లో పెట్టించి, ల్యాబ్‌లో మైనస్ 80 డిగ్రీలకి మార్చు. ముక్క రుబ్బే ద్రావణంలో ప్రోస్టాగ్లాండిన్ తయారీని ఆపే ఇండోమెథసిన్, ఆక్సీకరణ కాకుండా కాపాడే బీహెచ్‌టీ తప్పనిసరి.

జవాబు 2: ఎలైజాలో యాంటీబాడీ దగ్గరి పోలికున్న అణువులనీ పట్టేస్తుంది. విజయవాడలో ఎక్కడైనా ఎల్‌సీ-ఎంఎస్ (అణువుల్ని విడదీసి బరువుని బట్టి గుర్తించే యంత్రం) దొరికితే కొన్నైనా సరిచూసుకోండి. అక్కడా జాగ్రత్త: పీజీఇ2, దాన్ని పోలిన పీజీడి2 (ప్రోస్టాగ్లాండిన్ డి2) రెండూ యంత్రంలో 351 బరువు నుంచి 271 బరువు ముక్కకే విరుగుతాయి. కాలమ్ (అణువుల్ని వేరుచేసే గొట్టం) మీద విడిపోకపోతే రెండూ కలిసి ఒకటే పీక్‌గా కనిపిస్తాయి. డ్యుటీరియం స్టాండర్డ్ (పోల్చి లెక్కేయడానికి తెలిసిన మోతాదులో కలిపే, బరువైన హైడ్రోజన్ ఉన్న అదే అణువు) ఎక్స్‌ట్రాక్షన్‌కి ముందే వేయాలి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. ఫలితాన్ని ముక్క బరువుకి లెక్కేయాలా, ప్రోటీన్‌కా?

జవాబు 2: ఏదైనా పర్లేదు, అన్ని శాంపిల్స్‌కీ ఒకటే పద్ధతి ఉండాలి. పోల్చడానికి అదే పేషెంట్ మచ్చలేని చర్మం కూడా తీసుకుంటున్నారు కదా?