పీవో పోస్టులో చేరి ఏడాదిలో మానేస్తే బాండు సంగతేంటి?

ఆమదాలవలస_అభ్యర్థి
బ్యాంకు పీవోగా (ప్రొబేషనరీ ఆఫీసరుగా) ఆఫర్ లెటర్ వచ్చింది. మూడేళ్ల బాండు, ముందే మానేస్తే రెండు లక్షలు కట్టాలి, జామీను కావాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పెట్టే సీజీఎల్ పరీక్షలో టైర్-2, అంటే రెండో దశ, రాసి ఉన్నాను, అది వస్తే అటే వెళ్తాను. మా మావయ్య గవర్నమెంటు టీచరు, జామీను సంతకం పెడతానన్నారు. వెళ్లిపోతానని తెలిసీ చేరొచ్చా? లేక శ్రీకాకుళంలోనే ఉండి ప్రిపేరవడం నయమా?

నాగావళి_గట్టు
చేరండి. కాకపోతే ఆ రెండు లక్షలు కట్టాల్సిందేనని లెక్కేసుకుని చేరండి. "బాండు కోర్టులో నిలవదు" అని కోచింగ్ సెంటర్లలో చెప్పే మాట నమ్మొద్దు. సరిగ్గా ఇలాంటి బాండు మీదే, మూడేళ్లు, రెండు లక్షలు, విజయా బ్యాంకు కేసులో 2025 మే 14న సుప్రీంకోర్టు బ్యాంకు వైపే తీర్పిచ్చింది. ఆ ఉద్యోగి డబ్బు కట్టి వేరే బ్యాంకుకు వెళ్లి, తిరిగిమ్మని కేసు వేశారు. హైకోర్టులో గెలిచినా పైకోర్టులో నిలవలేదు.

స్టాంపు పేపరు మీద సంతకం పెట్టేముందు రెండు వాక్యాలు వెతకండి. ఒకటి, రెండేళ్ల పదకొండు నెలలకి మానేసినా మొత్తం కట్టాలా, మిగిలిన కాలానికి మాత్రమేనా. రెండు, ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్తే మినహాయింపు ఉందా. ఇవి బ్యాంకు బ్యాంకుకీ మారతాయి, కాబట్టి స్నేహితుడి బాండు చూసి మీది ఊహించుకోకండి.

మావయ్యగారి విషయం తేలిగ్గా తీసుకోవద్దు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, జామీనుదారు బాధ్యత మీ బాధ్యతతో సమానం. మీరు కట్టకపోతే నోటీసు ఆయన ఇంటికొస్తుంది. వెళ్లే ఆలోచన ఉందని ఆయనకి ముందే చెప్పి సంతకం పెట్టించుకోండి. పీవో మొదటి బేసిక్ 48,480. మొదటి జీతం నుంచే ఆర్డీలో (నెలనెలా కట్టే డిపాజిట్‌లో) నెలకి 17 వేలు వేస్తే ఏడాదికి బాండు డబ్బు చేతిలో ఉంటుంది.

గంటస్తంభం
డబ్బు కంటే కాగితాల దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. మీరు సీజీఎల్‌కి చేరకముందే దరఖాస్తు చేశారు కదా. జాయినింగ్ రోజునే ఒక ఉత్తరం ఇవ్వండి: పరీక్ష పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, దరఖాస్తు తేదీ రాసి, రెండో కాపీ మీద సీలు, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవాలి. ఆ కాపీ పారేసుకోవద్దు. కేంద్ర ఉద్యోగులకి 2016 ఆగస్టు 17 నాటి డీవోపీటీ (కేంద్ర సిబ్బంది శాఖ) ఉత్తర్వులో టెక్నికల్ రిజిగ్నేషన్‌కి, అంటే పాత సర్వీసు పోకుండా వేరే ప్రభుత్వ ఉద్యోగానికి మారేందుకు ఇచ్చే రాజీనామాకి, ఇదే షరతు. బ్యాంకుకి ఆ ఉత్తర్వు నేరుగా వర్తించదు గానీ, సర్టిఫికెట్ల పరిశీలనలో ఎన్‌వోసీ (పాత యజమానికి అభ్యంతరం లేదన్న పత్రం) అడిగినప్పుడు మీరు చూపించగలిగేది ఆ కాపీనే. చేరాక కొత్తగా రాసే పరీక్షలకి మాత్రం ముందే అనుమతి తీసుకోండి.

ఆమదాలవలస_అభ్యర్థి
మొదటి రోజే అలా రాసిస్తే "వీడు ఉండడు" అని ముద్ర పడదా అండి?

గంటస్తంభం
పడితే పడనివ్వండి తమ్ముడూ. దాస్తే వచ్చే నష్టం అంతకంటే పెద్దది. కొత్త ఉద్యోగం అటెస్టేషన్ ఫారంలో పాత ఉద్యోగాల గడి ఉంటుంది. అక్కడ బ్యాంకు సంగతి రాయకపోతే సమాచారం దాచినట్టే, ఆ ఉద్యోగమే పోవచ్చు. రిలీవింగ్ ఆర్డరు లేకుండా బ్రాంచికి రావడం మానేయడం ఇంకా ప్రమాదం. ప్రొబేషన్‌లో నోటీసు ఎన్నాళ్లో ఆఫర్ లెటర్‌లో ఉంటుంది, రాజీనామాకి ముందు అది చూసుకోండి. ఎన్‌పీఎస్ (పింఛను పథకం) గురించి దిగులొద్దు, ప్రాన్ నంబరు, అంటే మీ పింఛను ఖాతా నంబరు, మీతోనే వస్తుంది.

పైడితల్లి_వీధి
నాది ఇంకో మాట. బ్యాంకు పీవో పరీక్ష పెట్టే ఐబీపీఎస్‌కి రిజర్వు లిస్టు ఉంటుంది. చేరకముందే వద్దనుకుంటే ఆ సీటు ఆ లిస్టులో ఉన్న ఇంకొకరికి దక్కే వీలుంది. చేరి, ఆ లిస్టు గడువు దాటాక మానేస్తే ఆ ఖాళీ ఈ ఏడాది ఎవరికీ రాదు. సీజీఎల్ మార్కులు జవాబుల కీతో సరిచూసుకున్నారా? పోయినేడాది కటాఫ్‌ కంటే బాగా పైన ఉంటే, ఇంట్లో జరుగుబాటు ఉంటే, చేరకుండా ఆగడం సబబు. అంచున ఉంటే మాత్రం నిస్సంకోచంగా చేరండి. పోస్టింగ్ ఎక్కడ పడుతుందో చెప్పలేం, బ్రాంచిలో సాయంత్రం ఏడు దాటడం మామూలే. అందుకని రోజుకి రెండు గంటలే చదువుకుంటానని అనుకుని లెక్కేసుకోండి.